అరువు తెచ్చిన గొడ్డలి



మీ యింటి మూలను గోడకు చేరబడియున్న గొడ్డలిని ఎన్నడైనను చేతబట్టి నిదానముగా చూచితిరా? పొయ్యిలోనికి కట్టెలు చీల్చుటకు దానిని తీసికొందుము; పని తీరిన వెంటనే మరల మూలకు చేర్చుదుము. రాజుల ఖడ్గములను గూర్చి చరిత్రకారులు చాల గ్రంథములు వ్రాసిరి. గొడ్డలిని గూర్చి వ్రాసినవారు కొందరే. అయినను మన తాతలు అడవిని కొట్టి పొలము చేసికొన్నది ఖడ్గముతో కాదు. ఇంటి దూలము, నాగలి, బండి యిరుసు, తొట్టెల, తుదకు శవపేటిక సహితము గొడ్డలి దెబ్బతోనే ఆరంభమైనవి.

గోదావరిఖని, రామగుండము, మంచిర్యాల, మందమఱ్ఱి, బెల్లంపల్లి ప్రాంతములలో కాపురముండు మనకు ఈ పనిముట్టుతో మరియొక ఋణానుబంధము కూడ కలదు. చాల సంవత్సరములు మన తండ్రుల తలలపైన భూమి కూలిపడకుండ నిలిపినది ఒక గొడ్డలి చెక్కిన కఱ్ఱయే. ఆ సంగతి మన పిల్లలకు తెలియకుండ పోవుచున్నది గనుక, దాని చరిత్రను మొదటినుండి మీ యెదుట నుంచుటకు పూనుకొంటిని.

గొడ్డలి పుట్టుక రాతిలో కలదు. 1863వ సంవత్సరము మే 30వ తేదీన రాబర్టు బ్రూస్ ఫూట్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు మద్రాసు దగ్గరి పల్లావరములో చెక్కిన రాయి నొకదానిని కనుగొనెను. మన దేశములో పాత రాతియుగపు మనుష్యుని జాడ యుండెనని లోకము దానివలన తెలిసికొనెను. ఆ తరువాత ఆయన అత్తిరాంపాక్కములోను అట్టి రాళ్ళను కనుగొనెను. అక్కడి పనిముట్లలో అతి పురాతనమైనవి సుమారు 15 లక్షల సంవత్సరముల నాటివని 2011లో ప్రకటింపబడిన పరిశోధన తెలుపుచున్నది. వీటికి కామ లేదు. అరచేతిలో ఇమిడించి పట్టుకొనవలసినదే గనుక వీటిని చేతిగొడ్డళ్ళని పిలుతురు.

రాతికి కఱ్ఱ కామను బిగించుట మనుష్యుడు నేర్చినది చాల కాలము గడచిన తరువాతనే. సుమారు అయిదు వేల సంవత్సరముల క్రిందట దక్కను పీఠభూమిలో పశువులను కాచుచు, చిరుధాన్యములు పండించుచు నివసించినవారు నల్లని గట్టి రాతిని పగులగొట్టి, పొడిచి, బండమీద నీళ్ళతో నూరి, నున్నని గొడ్డళ్ళు చేసికొనిరి. బళ్ళారికి చేరువనున్న సంగనకల్లు, కుప్గల్ కొండలమీద అట్టి పని మిక్కిలి విస్తారముగా జరిగెను. వారు నూరిన చోట బండలలో పడిన గాళ్ళు నేటికిని కనబడుచున్నవి. ఒక్క గొడ్డలికి పదును తెచ్చుటకు ఎన్ని దినముల ఓపిక పట్టెనో యోచించుడి! అట్టి దానిని పోగొట్టుకొన్నవాని దుఃఖమెంతటిదో మనము ఊహింపవచ్చును.

పిమ్మట ఇనుము వచ్చెను. తెలంగాణములో పొలముల గట్లమీద పెద్ద బండలతో కట్టిన ప్రాచీన సమాధులను మన జనులు రాకాసి గుళ్ళందురు. అవి రాక్షసులు కట్టినవి కావు. మనవంటి మనుష్యులే తమ మృతులను అక్కడ పాతిపెట్టిరి. దక్షిణ దేశమందలి అట్టి సమాధులలో మృతుని ప్రక్కన కుండలతోబాటు ఇనుప గొడ్డలియు దొరకుచుండును. కామకు గొడ్డలిని బిగించుటకై అడ్డముగా వేసిన ఇనుప పట్టీలు సహితము కొన్నిటికి అంటియున్నవి. రామగుండమునకు దూరము కాని పెద్దబంకూరులో జరిగిన త్రవ్వకములలో శాతవాహనుల కాలపు ఊరు బయలుపడెను. అక్కడ కమ్మరి పనిచేసిన స్థలమును కనబడెను. మన ప్రాంతములో రెండువేల సంవత్సరముల క్రిందటనే కొలిమి మండినదన్నమాట.

నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రములో మూసలలో కరగించిన ఉక్కు ఎంతో పేరు పొందెను. దానికొరకు పారసీక దేశమునుండి వర్తకులు వచ్చి కాచుకొనియుండిరి. ఆ ఉక్కు కత్తులై రాజుల యొరలలోనికి పోయెను. ఊరి గొడ్డలి మాత్రము ఊరి కమ్మరి కొలిమిలోనే పుట్టి రైతు భుజమునకెక్కెను. ఇందులో ఒక వింత కలదు. ఇనుము కరగుటకు కట్టెబొగ్గు కావలెను. కట్టెబొగ్గునకు చెట్టు కావలెను. చెట్టును కొట్టుటకు గొడ్డలి కావలెను. మన పూర్వులకు బొగ్గు అనగా ఈ కట్టెబొగ్గే. భూమి లోపలినుండి వచ్చిన నల్లరాయి మండుట చూచి, దీనిని వేరుపరచుటకు వారు రాక్షసి బొగ్గని పేరు పెట్టిరి.

ఇనుము క్రొత్తగా వచ్చిన దినములలో గొడ్డలి బీదవానికి ఎంత దుర్లభమో పరిశుద్ధ గ్రంథము ఎరిగిన మనకు బోధపడును. సౌలు దినములలో ఇశ్రాయేలు దేశమందంతట ఒక్క కమ్మరియైన లేకుండ ఫిలిష్తీయులు చేసిరనియు, నాగటి నక్కునైనను గొడ్డలినైనను పదును చేయించుకొనుటకు శత్రువుల యొద్దకే పోయి రుసుము చెల్లింపవలసి వచ్చెననియు మొదటి సమూయేలు 13వ అధ్యాయములో చదువుచున్నాము. కొలిమి ఎవని చేతిలో నుండునో జనుల జీవనము వాని చేతిలో నుండును.

ఈ సంగతిని మనస్సున నుంచుకొని రెండవ రాజుల గ్రంథము 6వ అధ్యాయమును మరల చదువుడి. ప్రవక్తల శిష్యులకు స్థలము ఇరుకాయెను. ఇల్లు కట్టుకొనుటకు యొర్దాను దరికి పోయి మ్రానులు నరకుచుండగా ఒకని గొడ్డలి ఊడి నీటిలో పడెను. అతడు తన పని ఆగిపోయెనని మొఱ్ఱపెట్టలేదు. అది అరువు తెచ్చినదని మొఱ్ఱపెట్టెను. తన సొత్తు పోయినయెడల మనుష్యుడు నష్టపడి ఊరకుండవచ్చును. ఒకరి సొత్తు చేతిలోనుండి జారిపోయినయెడల ఏ ముఖముతో ఆ ఇంటికి తిరిగి వెళ్ళును? రాజుల యుద్ధములను వివరించు ఆ గ్రంథములో బీదవాని అప్పునకు స్థలము దొరకెను. ఎలీషా కొమ్మ నొకదానిని నరికి నీళ్ళలో వేయగా ఇనుము తేలెను. దానిని అందుకొనుట మాత్రము పోగొట్టుకొన్నవాని చేతికే విడిచిపెట్టెను.

ఇంచుమించు ఇట్టిదే యైన మరియొక కథను మీరందరు చిన్ననాడు వినియుందురు. కట్టెలు కొట్టువాని గొడ్డలి నదిలో పడగా దేవత ప్రత్యక్షమై బంగారు గొడ్డలిని, వెండి గొడ్డలిని చూపుటయు, అవి తనవి కావని అతడు చెప్పుటయు ఆ కథ. ఇది ఈసపు పేరట గ్రీకు దేశమునుండి బయలుదేరి, పాఠ్యపుస్తకముల త్రోవను మన పల్లెలకు చేరి, మన కథయే యైపోయెను. రెండు కథలలోను నది కలదు, ఇనుము కలదు, బీదవాడు కలడు. అయితే ఒకటి నీది కానిదానిని ఆశింపవద్దని నేర్పుచున్నది. రెండవది నీ చేతిలో నున్నదే నీది కాదని జ్ఞాపకము చేయుచున్నది. ఈ రెండవ పాఠము మొదటిదానికంటె కఠినమైనది.

ఈసపు పేరట మరియొక చిన్న కథయు కలదు. ఒకడు అడవికి వచ్చి గొడ్డలికి కామ నిమ్మని వేడుకొనగా చెట్లు ఒక చిన్న మొక్కను ఇచ్చెనట. కామ బిగియగానే అతడు పెద్ద వృక్షములను నరక మొదలుపెట్టెను. మన తెలంగాణములోనైతే బైండ్లవారు జమిడిక వాయించుచు రాత్రులయందు చెప్పు ఎల్లమ్మ కథలో పరశురాముని గొడ్డలి వినువారిని వణకించును. తండ్రి ఆజ్ఞకు తల్లి శిరస్సుమీద పడిన గొడ్డలి అది. ఏ మతములో, ఏ దేశములో చెప్పినను గొడ్డలి కథలన్నియు ఒకే ప్రశ్న అడుగుచున్నవి. దీనిని పట్టిన చెయ్యి ఎవరిది? తనను పట్టినవానిమీద గొడ్డలి అతిశయపడునా అని యెషయా ప్రవక్త అడిగినదియు ఇదియే.

కథ నుండి పనికి వత్తము. గొడ్డలిని ఎరిగినవాడు మొదట ఇనుమును చూడడు, కామను చూచును. మన అడవులలో తిరుమాను కఱ్ఱ కామకు శ్రేష్ఠము. అది గట్టిదియు, సాగునదియు గనుక దెబ్బకు విరుగదు. కఱ్ఱ నార కామ పొడవున చక్కగా సాగవలెను. అడ్డముగా పోయినదైతే ఒకనాడు చేతిలోనే విరుగును. పచ్చి కఱ్ఱను బిగించినయెడల అది ఎండి ముడుచుకొని వదులగును. వదులైన గొడ్డలిని సోమరి నీళ్ళలో నానవేయును. ఆ పూటకు కఱ్ఱ ఉబ్బి బిగియును. మరునాడు ఎండి మునుపటికంటె వదులగును. తెలిసినవాడు కామ తలలో చీల కొట్టి బిగించును. చెట్టును పడగొట్టునప్పుడు ఏ ప్రక్కకు అది ఒరుగవలెనో ఆ ప్రక్కన ముందుగా గంటు పెట్టి, తరువాత వెనుక ప్రక్కన దానికంటె కొంచెము ఎత్తున నరకును. తాను తప్పుకొను త్రోవను మొదటి దెబ్బకు మునుపే చూచుకొనును.

ఇది చిన్న జాగ్రత్త కాదు. ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయములో, చెట్టు నరకుచుండగా గొడ్డలి కామనుండి ఊడి పొరుగువానికి తగిలి అతడు చనిపోయినయెడల, పగ లేక చంపినవాడు ఆశ్రయపురమునకు పారిపోవచ్చునని చట్టము కలదు. పగకును ప్రమాదమునకును భేదము చూపు న్యాయమును బోధించుటకు ధర్మశాస్త్రము ఎన్నుకొన్న దృష్టాంతము వదులైన గొడ్డలియే. తరువాతి అధ్యాయములో మరియొక ఆజ్ఞ కలదు. పట్టణమును ముట్టడించునప్పుడు సహితము ఫలవృక్షములమీద గొడ్డలి ఎత్తకూడదు. యుద్ధములోనైనను రేపటి ఆకలిని మరువకూడదని దాని భావము.

ఈ ఆజ్ఞను మన అడవులయొద్ద నిలిచి తలపోయుదము. గోదావరికి ఉత్తరమున పూర్వపు ఆదిలాబాదు జిల్లా కొండలమీద కొలాములు గొడ్డలితోను, త్రవ్వుకోలతోను పోడు సేద్యము చేసికొని బ్రదికిరి. కొంత భూమిని కొట్టి, కాల్చి, కొన్ని సంవత్సరములు పండించి, దానిని మరల అడవికి విడిచి వేరొక చోటికి పోవుచుండిరి. నిజాము ప్రభుత్వము ఆ అడవులను రక్షితములని గీత గీసిన పిమ్మట ఆ గొడ్డలి దెబ్బయే నేరమాయెను. నీరు, అడవి, భూమి తమవని నిలిచిన గోండు నాయకుడు కుమ్రం భీము 1940లో జోడేఘాటులో పోలీసుల తుపాకులకు బలియాయెను. అటు తరువాత హైమెన్డార్ఫ్ అను పండితుడు వారి మధ్య నివసించి వారి బాధలను గ్రంథస్థము చేసెను. అడవిలో కాపురమున్నవాని గొడ్డలికి సంకెళ్ళు పడినవి. అయినను రైలుమార్గముల స్లీపర్లకును, పట్టణముల కట్టడములకును, గనులకును టేకును ఇతర కలపయు బండ్లమీద దిగివచ్చుచునే యుండెను. అడవి తరుగుటకు ఒక్క పోడు గొడ్డలినే నిందించుట న్యాయమా? మన చరిత్రను మనమే న్యాయముగా తూచుకొనవలెను.

గనులకు అని వ్రాసితిని. ఇక మన యింటి సంగతికి వత్తము. 1871లో విలియము కింగు అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గు ఉన్నదని కనిపెట్టెను. 1889లో త్రవ్వకము మొదలాయెను. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరట ఏర్పడెను. గోదావరి ఒడ్డుననున్న మన రామగుండము ప్రాంతములో గనులు 1960 దశకారంభములో తెరువబడెను. గోదావరిఖని అను పేరే నదిని, గనిని జోడించి చెప్పుచున్నది. ఆ గనులలోని బొగ్గు 25 కోట్ల సంవత్సరములకు పైబడిన నాటి అడవి. బురదలో కూలి, పూడి, అణగి నల్లబడిన చెట్లే అవి. ఆ అడవిని ఏ గొడ్డలియు ముట్టలేదు. దానిని బయటికి తెచ్చుటకు మాత్రము నేటి అడవి గొడ్డలిపాలు కావలసివచ్చెను.

ఎందుకందురా? భూగర్భ గనిలో బొగ్గును త్రవ్వినకొలది పైకప్పునకు ఆధారము పోవును. బొగ్గునే స్తంభములుగా విడిచి నడుమ దారులు త్రవ్వినను, ఆ దారుల కప్పు తనంతట తాను నిలువదు. గనుక చాల కాలము కలప దుంగలను నిట్టగా నిలిపి దానిని ఆపుచుండిరి. ఈ పని చేయువానిని టింబర్‌మాన్ అందురు. అతని ముఖ్యమైన ఆయుధములు గొడ్డలియు, రంపమును. అతడు కప్పును తట్టి చూచును. గట్టి కప్పు గంటవలె ఖణేలుమనును. వదులు కప్పు డోలువలె బోలుగా పలుకును. తరువాత ఎత్తు కొలిచి, దుంగను కోసి, కొనను గొడ్డలితో చెక్కి, నేలమీద నిలిపి, పైన చదునైన బల్లముక్కను పెట్టి, గొడ్డలి వెనుక ప్రక్కతో కొట్టి బిగించును. బరువు ఎక్కువగానున్న చోట దిమ్మెలను అడ్డముగా, నిలువుగా ఒకదానిపై ఒకటి పేర్చి చాక్ కట్టును. ఏ చోట ఎన్ని దుంగలు ఎంత దూరమున నుండవలెనో గనుల చట్టము ప్రకారము ముందుగా నిర్ణయింపబడియుండును.

స్తంభముల బొగ్గును కూడ తీసివేయు దినము వచ్చినప్పుడు అతని పని మరింత అపాయకరమగును. నిలిపిన దుంగలను తానే తొలగించి, వెనుక కప్పు కూలుటకు విడిచి, తాను వెనుకకు మరలవలెను. అక్కడ కలప చేసిన ఉపకార మొకటి వృద్ధులైన కార్మికులు చెప్పుదురు. కఱ్ఱ మూగది కాదు. పైనుండి బరువు దిగుచున్నప్పుడు అది మూలుగును, చిటపటలాడును, నారలు చిట్లును. ఆ చప్పుడు వినినవాడు పరుగెత్తి బ్రదుకును. విరిగిపోవుటకు మునుపు హెచ్చరించు స్నేహితుడు మనకెంతమంది కలరు? బొగ్గు తవ్వి నింపినవారి శ్రమను అందరు ఎరుగుదురు. వారు సాయంకాలమునకు ఇంటికి చేరుటలో గొడ్డలివాని పాలు ఎంతయో వారి భార్యాబిడ్డలు సహితము ఎరుగరు.

కాలము మారెను. 1980లో అటవీ సంరక్షణ చట్టము వచ్చెను. 1988 నాటి జాతీయ అటవీ విధానము గనుల దుంగలకు బదులుగా ఇతర వస్తువులను వాడవలెనని స్పష్టముగా చెప్పెను. 1990 దశకమునుండి కలప స్థానములో ఉక్కు స్తంభములును, రూఫ్ బోల్టులును వాడుకకు వచ్చెను. కప్పులో రంధ్రము వేసి, ఉక్కు కడ్డీని బిగించి, పొరలను ఒకదానికొకటి కుట్టుదురు. ఇది అడవికి మేలు. బలమునందును కఱ్ఱ దీనికి సాటిరాదు. నేడు బొగ్గులో అధిక భాగము ఓపెన్ కాస్ట్ గనులనుండియే వచ్చుచున్నది. అక్కడ కప్పే లేదు. అయినను భూగర్భము భూగర్భమే. 2022 మార్చి 7న మన రామగుండము ప్రాంతపు అడ్రియాల గనిలో కప్పు కూలి ముగ్గురు ప్రాణములు కోల్పోయిరి. యంత్రము ఎంత గొప్పదైనను, కప్పును తట్టి ఆలకించు చెవి ఇంకను కావలెనని ఆ దినము చెప్పుచున్నది.

సొలొమోను మందిరము కట్టునప్పుడు ముప్పది వేలమందిని నెలకు పదివేల చొప్పున వంతులవారీగా లెబానోనుకు పంపెను. ఒక నెల అడవిలోను, రెండు నెలలు ఇంటియొద్దను వారుండిరి. షిఫ్టులెరిగిన మనకు ఈ లెక్క సులభముగా బోధపడును. మందిరము కట్టబడుచుండగా గొడ్డలి చప్పుడు అక్కడ వినబడలేదని వ్రాయబడియున్నది. ఆ చప్పుడంతయు దూరమున కొండలమీద, పేరు లేని కూలివారి మధ్యను జరిగిపోయెను. మనము ఇంటిలో మీట నొక్కి దీపము వెలిగించునప్పుడు సహితము అట్లే. వెలుగు కనబడును, గొడ్డలి వినబడదు.

కావున, ప్రియులారా, గొడ్డలి నేర్పు పాఠమును ఇట్లు గ్రహింపుడి. అది పడగొట్టుటకును పనికివచ్చును, నిలబెట్టుటకును పనికివచ్చును. ఇనుమునకు ఆ భేదము తెలియదు, పట్టినవానికి తెలియవలెను. మన చేతిలో నున్నది చాల మట్టుకు అరువు తెచ్చినదే. బొగ్గు ప్రాచీనమైన అడవి యొద్దనుండి, దుంగ నిన్నటి అడవి యొద్దనుండి, పని నేర్పు మన తండ్రుల యొద్దనుండి, మనము నడచు నేల మన మనుమల యొద్దనుండి అరువు తెచ్చితిమి. అరువు తెచ్చినదని ఎరిగినవాడు దానిని జాగ్రత్తగా వాడును; జారిపోయినప్పుడు సిగ్గుపడక మొఱ్ఱపెట్టును; తేలినప్పుడు చెయ్యి చాపి అందుకొనును.

మీ వాడలో పదవీ విరమణ చేసిన టింబర్‌మాన్ ఎవరైన కలరా? ఈ ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట పిల్లలను వెంటబెట్టుకొని ఆయన యొద్దకు పోవుడి. తాతా, కప్పు పలుకుట ఎట్లుండునని అడుగుమనుడి. ఆయన గొడ్డలి ఇంకను ఇంటిలో నున్నయెడల దాని కామను వారి చేతికి ఇప్పించుడి; ఆయన అరచేయి అరుగగొట్టిన చోటు వారి వ్రేళ్ళకు తగులును. ఆయన చెప్పినదానిని ఒక కాగితముమీద వ్రాసియుంచుడి. ఆ మాటలు కూడ అరువు తెచ్చినవే గనుక, వాటిని తరువాతివారికి తిరిగి అప్పగించు బాధ్యత మనది.